ఆది చొక్కా

“నాన్నా, ఆ స్టూలు మీద అలా ముందుకి వాలకు. కాలు జారిందనుకో, తుంటి ఎముక పోతుంది. తుంటి పోయినవాళ్ళు మళ్ళీ మంచం దిగినట్టు నేనెక్కడా వినలేదు.”

పెద్దాయన వాలడం లేదు. సూదిలో దారం ఎక్కించుకోవడానికి తల కాస్త వంచాడు, అంతే. అయినా కూతురి మాట విని వెనక్కి జరిగి, నిటారుగా కూర్చుని, ఎవరిదో కోటుకి కాజా కుట్టడం మొదలుపెట్టాడు. భార్య పోయినప్పటి నుంచి ఆయన మాటల్ని గుండీల్లాగే వాడుతున్నాడు, ఊడిపోయిన చోట మాత్రమే.

వీధిలో అందరూ ఆ కూతుర్ని టైలరమ్మ అంటారు. అంతకుముందు ఆ పేరు వాళ్ళమ్మది. అమ్మ ఉన్నన్నాళ్ళూ ఈమె చిన్న టైలరమ్మ. అమ్మ రొమ్ము క్యాన్సర్‌తో పోయాక ఆ ‘చిన్న’ని ఎవరూ పనిగట్టుకుని తియ్యలేదు, దానంతటదే రాలిపోయింది. ముందు గదిలో దుకాణం, వెనక రెండు గదుల్లో కాపురం. కిటికీ కింద పక్కపక్కనే రెండు మిషన్లు. ఒకదాని మీద ఈమె కూర్చుంటుంది. రెండోదాని మీద ఇప్పుడు కత్తిరించిన ముక్కల మూటలు కూర్చుంటున్నాయి.

టైలరమ్మకి భయపడటం కూడా ఒక పనే. మిగతా పనులు చేస్తూనే అదీ చేస్తుంది. కూతురు రావలసిన వేళకి రాకపోతే ఆమె మనసులో అప్పటికే బస్సు బోల్తా పడి, చెప్పులొకచోట మనిషొకచోట అయిపోయి ఉంటుంది. మొగుడు బస్సు డిపోలో మెకానిక్కు. అతను బస్సు కిందకి దూరినప్పుడల్లా ఇక్కడ ఈమె పాదం మిషన్ మీద ఆగుతుంది. ఒక్క విషయంలో మాత్రం ఆమెకి కాస్త గర్వం ఉంది. ఆ రోజు జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చిన టీచరమ్మతోనూ అదే చెప్పింది.

“ఊరంతా దగ్గులూ జ్వరాలేనండీ. మా ఇంట్లో మాత్రం ఎవరికీ జలుబు కూడా చెయ్యదు. కళ్ళల్లో ఒత్తులు వేసుకుని చూసుకుంటాను మరి.”

“అదృష్టవంతులు,” అంది టీచరమ్మ, నడుముకి టేపు పట్టించుకుంటూ.

బయట టైలరమ్మ మొగుడు స్కూటర్ స్టార్ట్ చేశాడు. అది కాసేపు గర్‌ర్‌మని మోగి ఆగిపోయింది. అతను తువ్వాలుతో మూతి తుడుచుకుంటూ లోపలికి వచ్చాడు.

“ఎక్కడికీ వెళ్ళనివాళ్ళు బండి ఎందుకు మోగించారు?”

“ఇంజను చల్లబడిపోతుందే. అప్పుడప్పుడూ వేడెక్కించాలి,” అన్నాడు అతను. మెకానిక్కు కదా, ఆమె ఇంకేమీ అడగలేదు.

వెనక గదిలోంచి పిట్ట హడావిడిగా వచ్చింది. పిట్ట ఈ ఇంటి ఒక్కగానొక్క కూతురు. పుట్టినప్పుడు గుప్పెడంతే ఉందని తాత పెట్టిన ముద్దుపేరు. ఇప్పుడు తల్లికన్నా పొడుగు. డిగ్రీ చివర్లో ఉంది, టిక్కెట్లు బుక్ చేసే ఆఫీసులో ఉద్యోగానికి పిలుపొచ్చింది. దానికి వేసుకెళ్ళడానికి కోటు కుట్టాలి. బూడిదరంగు బట్ట అప్పటికే బల్ల మీద మడత విప్పి ఉంది.

“రావే, కొలత తీస్తాను. చెయ్యెత్తి నిలబడు.”

“ఇప్పుడు కాదమ్మా, బస్సు పోతుంది.”

“టేపు చుట్టి తీసేలోపు పోయే బస్సేమిటే? చెయ్యెత్తు.”

పిట్ట వెనక్కి జరిగింది. తల్లి చేతిలోని టేపు గాల్లోనే ఆగిపోయింది.

“చక్కిలిగిలమ్మా.”

“నా టేపు కిందే పుట్టి పెరిగావు, ఇవాళ కొత్తగా చక్కిలిగిలా?”

“నా నీలం చొక్కా ఉతికిన బట్టల్లో ఉంది. ఆది దాని మీద తీసుకో. అందరూ ఆది ఇచ్చి పోవట్లేదా? నేనూ నీ కస్టమర్నే అనుకో.”

“నా కస్టమర్లు ఇంత నోరు చెయ్యరు.”

పిట్ట నవ్వి, సంచీ కుడి భుజానికి తగిలించుకుని వెళ్ళిపోయింది. “రోడ్డు దాటేటప్పుడు రెండువైపులా,” అంటూ తల్లి గుమ్మం దాకా వెళ్ళింది. ఆ మాట వినడానికి అక్కడ పిట్ట లేదు.

దుకాణానికి వచ్చేవాళ్ళలో చాలామంది ఒంటి మీద టేపు పెట్టనివ్వరు. సరిగ్గా సరిపోయే పాత బట్ట ఒకటి చేతికిచ్చి, దీని కొలతకి కుట్టండి అంటారు. అదే ఆది. మనుషులైతే కొలత ఇచ్చేటప్పుడు ఊపిరి బిగబడతారు, బట్ట బిగబట్టదు కదా అని వాళ్ళమ్మ నవ్వేది.

టైలరమ్మ నీలం చొక్కాని తిరగేసి బల్ల మీద పరిచింది. కుడివైపు సగం, ఎడమవైపు సగం ఒకదాని మీద ఒకటి మడిచి, అరచేత్తో సాపు చేసి, అంచులు కలిపింది. కలవలేదు. మళ్ళీ దులిపి మడిచింది. ఎడమవైపు వేలి వెడల్పు బయటికి పొడుచుకుని ఉంది.

ఆ చొక్కా కుట్టింది ఆమే. ఆమె చేతిలో ఎడమకీ కుడికీ తేడా రాదు.

కళ్ళద్దాలు సర్దుకుని పక్క కుట్టు దగ్గర వంగింది. చంక కింద నుంచి జానెడు పొడవున మిషన్ కుట్టు విప్పేసి ఉంది. పాత సూది రంధ్రాలు వరసగా, చీమల బారులా, ఇంకా కనిపిస్తున్నాయి. లోపల వదిలిన మార్జిన్ చివరికంటా జరిపి, అక్కడ చేత్తో కుట్టారు. సన్నటి కుట్టు, ప్రతి పోగూ కాస్త ఎడమకి వాలి ఉంది. అలా వాల్చి కుట్టేది వాళ్ళమ్మ. టైలరమ్మకీ, చెల్లెలికీ అది పట్టుబడలేదు. మనవరాలికి మాత్రం వచ్చింది. వదులు చేసిన చోటుకి కొంచెం ముందు, ఉతికినా పోని పసుపుపచ్చని మరక. గాయాలకి పూసే మందు మరక.

టైలరమ్మ కూర్చుండిపోయింది.

అమ్మని వార్డులో చేర్చిన రోజు, ఆమె విప్పి ఇచ్చిన జాకెట్టు ఇంటికి తెచ్చి, ఉతకడానికి తిరగేసింది. దానికీ ఎడమ పక్క కుట్టు విప్పి ఉంది. ఇలాగే. వదులుగా, ఎడమకి వాలిన చేతికుట్టుతో. అమ్మ ఆ జాకెట్టుతోనే పక్క మిషన్ మీద కూర్చుని నెలల తరబడి పని చేసింది. కొలతలు తీసుకునే బతికే ఈమె, మోచెయ్యి తగిలేంత దగ్గర కూర్చుని, కన్నతల్లి కొలత మారడం చూడలేదు. అప్పటి నుంచే ఆమె అందర్నీ అన్నివేళలా చూస్తూ ఉంది. చూసి చూసి, మళ్ళీ ఎడమ పక్కే చూడలేకపోయింది.

చొక్కాని గబగబా ఉండచుట్టి గుప్పిట్లో పట్టుకుంది.

“ఏమైంది?” అన్నాడు పెద్దాయన.

“ఏం లేదు నాన్నా. దారం తెగింది.”

మిషన్ నడవడమే లేదు. ఆయన మిషన్ వంకా, కూతురి చేతిలోని నీలం చొక్కా వంకా చూసి, తల దించుకున్నాడు.

సాయంత్రం పిట్ట వచ్చింది. టైలరమ్మ ఆ పిల్లని కళ్ళతో కొలిచింది. సంచీ కుడి భుజానికే. మంచినీళ్ళు కుడి చేత్తోనే. దండెం మీద తువ్వాలు ఆరెయ్యడానికి ఎడమ చెయ్యి భుజం దాకా లేచి, అక్కడ జ్ఞాపకం వచ్చినట్టు ఆగి, దిగిపోయింది. అడగాలని నోటిదాకా వచ్చింది. అడిగితే అది నిజమైపోతుందని భయం. అడక్కపోతే ఇంతలో ఏమైపోతుందోనని ఇంకో భయం. రెండు భయాల మధ్యా ఆమె కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది.

“ఎందుకలా చూస్తున్నావమ్మా?”

“కన్నాను, చూడకూడదా?”

“చూడు, చూడు. కూర మాత్రం రుచి చూడకు,” అంది పిట్ట, మొహం వికారంగా పెట్టి. తాతా, తండ్రీ, పిట్టా నవ్వారు. టైలరమ్మ కూడా నవ్వింది, నలుగురు నవ్వేచోట నోరు తెరిచినట్టు.

మర్నాడు ఆమె దుకాణం తండ్రికి అప్పగించి చెల్లెలి దగ్గరికి వెళ్ళింది. చెల్లెలు కళ్ళద్దాల షాపులో పని చేస్తుంది. ఒక ముసలాయన చెవుల మీద ఫ్రేము సరిచేస్తోంది. ఆయన్ని పంపేసి, అక్కని అద్దాల బీరువా వెనక్కి తీసుకెళ్ళింది. అక్కడ మాట్లాడితే గుసగుసగానే మాట్లాడాలి, అవతల కస్టమర్లుంటారు.

“నీకు తెలుసు కదూ?”

“ఏం తెలుసు?”

“నాటకాలాడకు. దానికి ఎడమ పక్కన ఏమైంది?”

చెల్లెలు తుడుస్తున్న అద్దాన్ని కింద పెట్టింది. “ఎవరు చెప్పారు నీకు?”

“దాని చొక్కా చెప్పింది.”

ఇంక దాచడానికి ఏమీ లేదు. చెల్లెలు చెప్పింది. రొమ్ములో గడ్డ. చిన్నదే. స్నానం చేస్తుంటే పిట్టకే చేతికి తగిలింది. ఈ వయసులో ఎక్కువగా ఏమీ చెయ్యని గడ్డలే వస్తాయని డాక్టరమ్మ అంది. కానీ అమ్మమ్మ సంగతి చెప్పాక, ఊరికే వదలొద్దని కోసి, ముక్క తీసి పరీక్షకి పంపింది. కట్టు కట్టారు. గురువారం రిపోర్టు వస్తుంది.

“దాన్ని కోశారు,” అంది టైలరమ్మ. “నా పిల్లని కోశారు. నేనక్కడ ఇంట్లో కూర్చుని ఎవరి ప్యాంటుకో జిప్పు వేస్తూ ఉండి ఉంటాను.”

“మెల్లిగా అక్కా.”

“నాకెందుకు చెప్పలేదే? కన్నది నేనా, నువ్వా?”

“చెప్తే ఏం చేసేదానివి?”

“ఏడ్చేదాన్ని.”

“తర్వాత?”

టైలరమ్మ నిజాయితీగా ఆలోచించింది. “ఇంకా ఏడ్చేదాన్ని.”

“చూశావా? అది బల్ల మీద పడుకుని తన గురించి భయపడాలా, బయట నువ్వు పడిపోయావేమోనని భయపడాలా? ‘పిన్నీ, అమ్మకి తెలిస్తే అమ్మని ఎవరు చూసుకుంటారు’ అంది. కట్టుతో ఉన్నది అది, చూసుకోవలసింది నిన్నా?”

“మా ఇంట్లో ఎవరికేమొచ్చినా నేను–”

“మీ ఇంట్లో ఎవరికీ జలుబు కూడా చెయ్యదని వీధంతా చాటుకుంటావు. బావకి దగ్గొస్తే ఏం చేస్తాడో తెలుసా? బయటికెళ్ళి స్కూటర్ స్టార్ట్ చేస్తాడు. ఆ మోతలో తనివితీరా దగ్గి లోపలికొస్తాడు. నాన్న స్నానాలగదిలో పడితే మోచేతికి నేనే కట్టించాను. నీకు మాత్రం తలుపు తగిలిందని చెప్పాం. మీ ఇంట్లో అందరికీ అన్నీ వస్తాయక్కా. దొంగచాటుగా వస్తాయి, అంతే.”

టైలరమ్మ చేతిలోని సంచీ పిడిని మెలిపెడుతూ నిలబడింది. చెల్లెలు అక్కడితో ఆగితే బాగుండేది.

“అమ్మ మాత్రం ఎందుకు దాచిందనుకున్నావు? పిట్టకి టైఫాయిడ్ వచ్చి నువ్వు తిండి మానేసి మంచం పట్టుకుని కూర్చున్నావే, అప్పుడు అమ్మ నాతో అంది. దీని గుండె కాస్త కుదుటపడనీ, నా సంగతి తర్వాత చూసుకుందాం అని. ఏ సంగతో నాకప్పుడు తెలియలేదు. మోకాళ్ళ నొప్పులేమో అనుకున్నాను.”

బీరువా అవతల ఎవరో గంట కొట్టారు. ఇద్దరూ కదల్లేదు.

“అనకూడని మాట అనేశాను,” అంది చెల్లెలు.

“అనేశావుగా.” టైలరమ్మ గొంతు కీచుగా వచ్చింది. కాసేపటికి, “గురువారం నేనూ రానా?” అని అడిగింది, చిన్నపిల్ల అడిగినట్టు.

“అది పిలిస్తే రా.”

“పిలవకపోతే?”

“దుకాణంలో కూర్చో. అదొచ్చి, అదే చెప్పేదాకా నోరు మూసుకో. చెయ్యగలవా?”

“చెయ్యలేను.”

“నాకూ తెలుసు. ప్రయత్నించు.” చెల్లెలు అక్క మొహం మీంచి కళ్ళద్దాలు తీసి, శుభ్రంగా తుడిచి, మళ్ళీ పెట్టింది. అవి వెంటనే మళ్ళీ మసకబారాయి.

ఇంటికొచ్చి ఆమె కోటు కత్తిరించడానికి నిలబడింది. సుద్దముక్క పట్టుకుని చాలాసేపు గీత గియ్యలేదు. పాత కొలతకి కుడితే కట్టు మీద ఒరుసుకుంటుంది. వదులు చేసిన కొలతకి కుడితే తల్లికి తెలిసిపోయిందని పిల్లకి తెలిసిపోతుంది. చివరికి రెండువైపులా లోపల బట్ట ఎక్కువగా వదిలి కత్తిరించింది. కుడి పక్క మిషన్ కుట్టు వేసింది. ఎడమ పక్క మాత్రం పొడుగు పోగులతో కచ్చా కుట్టు వేసి వదిలేసింది, లాగితే ఊడిపోయేలా, ఎంతకావాలంటే అంత జరుపుకునేలా.

పొద్దున్నే స్కూటర్ మోగింది. టైలరమ్మ గ్లాసుతో వేణ్ణీళ్ళు పట్టుకుని బయటికెళ్ళింది. మొగుడు హ్యాండిల్ పట్టుకుని, వీధి వైపు తిరిగి, భుజాలు ఎగరేస్తూ దగ్గుతున్నాడు. వెనక్కి తిరిగి పెళ్ళాన్ని చూడగానే దగ్గు సగంలో మింగేసి ఉక్కిరిబిక్కిరయ్యాడు.

“ఆపండి ఆ బండి. పాపం, ఎన్నాళ్ళని మీ బదులు అది దగ్గుతుంది?”

“దుమ్మే! డిపోలో దుమ్ము. నాకేం లేదు, ఒట్టు.”

ఎక్స్‌రే అనే మాట ఆమె పళ్ళ వెనకదాకా వచ్చి నిలబడింది. ఆ వెనక ఊపిరితిత్తులు, ఆ వెనక వార్డు, ఆ వెనక మొత్తం వరస కట్టి ఉన్నాయి. ఆమె గ్లాసు అతని చేతికిచ్చింది.

“దుమ్మే అయ్యుంటుంది,” అంది.

అతను నీళ్ళు తాగుతూ అంచు మీంచి ఆమెని అనుమానంగా చూశాడు. “ఏమే, నీ ఒంట్లో బానే ఉందా?”

గురువారం పిట్ట తల దువ్వుకుని ముందు గదిలోకి వచ్చింది. మొహానికి పౌడరు ఎక్కువైంది.

“పిన్నితో బజారుకెళ్ళొస్తానమ్మా.”

టైలరమ్మ మిషన్ చక్రం మీద చెయ్యి పెట్టి పట్టుకుంది. నన్నూ తీసుకెళ్ళవే. ఆ ఒక్క మాటా కళ్ళల్లోకి రాకుండా ఉండాలని తల వంచి బాబిన్ వంక చూసింది.

“సరే,” అంది. “గొడు…” అని, అక్కడే ఆపేసింది.

పిట్ట గుమ్మంలో ఒక్క క్షణం ఆగింది. మిగతా మాట రాకపోవడం వింతగా ఉన్నట్టు చూసి, వెళ్ళిపోయింది.

ఆ తర్వాత టైలరమ్మ ఏ పని చేసిందో ఆమెకే తెలియదు. కోటుకి చేతులు తగిలించింది. తగిలించి పైకెత్తి చూస్తే, ఎడమ చెయ్యి కుడివైపుకీ కుడి చెయ్యి ఎడమవైపుకీ వెళ్ళి, అది ఎవర్నో వెనకనుంచి కావలించుకోబోతున్నట్టు వేలాడింది. పని నేర్చుకునే రోజుల్లో కూడా ఆమె అలాంటి తప్పు చెయ్యలేదు. పెద్దాయన లేచి వచ్చి, కోటు ఆమె చేతుల్లోంచి తీసుకుని, కుట్లు విప్పడం మొదలుపెట్టాడు. పోగులు ఒక్కొక్కటీ లాగి ఒళ్ళో పోగు చేశాడు.

“నీకు తెలిసిపోయిందా?” అన్నాడు.

“తెలిసింది. నీకు?”

“పిట్ట చెప్పింది.”

“అందరికీ చెప్పింది!” టైలరమ్మ నవ్వబోయింది. “పేపర్లో వెయ్యలేదా? నేనక్కడైనా చదువుకునేదాన్ని.” ముక్కు చీదుకుని అడిగింది. “అది చెప్పినప్పుడు నువ్వేం చేశావు నాన్నా?”

ఆయన ఇంకో పోగు లాగాడు.

“ఏం చెయ్యలేదు. గుండీలు కుడుతున్నాను, కుడుతూనే ఉన్నాను. అదే చెప్పుకుంటూ పోయింది.”

“ఏమీ అనలేదా?”

“నాకేం వచ్చు అనడం?” విప్పిన చెయ్యి ఒకటి ఆమెకి అందించాడు. “మీ అమ్మ వార్డులో ఉన్నప్పుడు మాత్రం నోరు తెరిచినప్పుడల్లా అడ్డం పడేవాణ్ణి. తగ్గిపోతుందిలే, తగ్గిపోతుందిలే అని. కొన్నాళ్ళకి తను చెప్పడం మానేసింది.”

ఆయన మళ్ళీ కుట్ల మీదికి వంగాడు. ఆమె చెయ్యి సరైన వైపుకి తిప్పి పిన్నులు పెట్టుకుంది.

వాళ్ళొచ్చేసరికి ఎండ గోడ దిగిపోతోంది. ముందు చెల్లెలు, వెనక పిట్ట. టైలరమ్మ ఇద్దరి మొహాలూ చూసింది. ఏడ్చిన మొహాలే ఇద్దరివీ. మంచికి ఏడ్చారో చెడుకి ఏడ్చారో తెలియలేదు. చెల్లెలు అక్క కళ్ళలోకి చూసి, పెదవులు బిగించి, “నేను టీ పెడతాను,” అని వెనక గదిలోకి వెళ్ళింది. పెద్దాయన కూడా కత్తెర పట్టుకునే ఆమె వెనక వెళ్ళాడు.

పిట్ట సంచీ దించకుండా నిలబడింది. “కోటు అయిందామ్మా?”

“అయింది. గుండీలున్నాయి. ఎడమ పక్క కచ్చా కుట్టే వేశాను.”

పిట్ట బల్ల దగ్గరికి వచ్చి, కోటు అంచు తిప్పి లోపల చూసింది. కుడి పక్క గట్టి కుట్టు. ఎడమ పక్క పొడుగాటి తెల్లపోగులు. తన చేతికుట్టుని అమ్మ గుర్తుపట్టిందని ఆ పిల్లకి వేరే చెప్పక్కర్లేకపోయింది. ఆమె వేలు ఆ తెల్లపోగుల మీద మెల్లగా నడిచి, చంక దగ్గర ఆగింది.

టైలరమ్మ సూదిలో దారం ఎక్కించుకుంది. మొదటిసారి తప్పింది. రెండోసారి ఎక్కింది. గుండీ పెట్టి, సూది గుచ్చి, తల ఎత్తకుండా అడిగింది.

“నొప్పిగా ఉందామ్మా?”

జవాబు రాలేదు.

సూది కిందికి దిగి పైకి వచ్చింది. టైలరమ్మ లోపల మాటలన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. నాకెందుకు చెప్పలేదే, ఏమన్నారే, నేనేమైపోవాలే, దేవుడా నన్ను తీసుకుపో దీన్ని వదులు. ఏ ఒక్కటి బయటపడినా పిట్ట వెంటనే తల్లి పక్కన చేరి, వీపు నిమిరి, ఏం లేదమ్మా ఏం లేదమ్మా అంటుంది. అలా అనడంలో ఆ పిల్లకి ఎంత అలవాటుందో ఆమెకి ఇప్పుడు తెలుసు. అందుకని దారం లాగింది. మళ్ళీ గుచ్చింది. వెనక గదిలో గిన్నె చప్పుడు కూడా ఆగిపోయింది. బయట ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ వెళ్ళారు. పిట్ట సంచీ దించింది. రెండో మిషన్ మీది ముక్కల మూటలు ఒక్కొక్కటే కింద పెట్టి, ఆ ఖాళీ అయిన మిషన్ ముందు, తల్లి మోచెయ్యి తగిలేంత దగ్గర కూర్చుంది. టైలరమ్మ తిరిగి చూడలేదు. గుండీకి సరిపడా కుట్లు ఎప్పుడో అయిపోయాయి, అయినా అదే రంధ్రంలోంచి సూది దింపుతూ, తీస్తూ ఉంది. తలెత్తితే తన మొహం చూసి పిల్ల మళ్ళీ మాట మింగేస్తుందని ఆమె భయం. జన్మలో అంత కష్టమైన పని ఆమె ఏదీ చెయ్యలేదు.

చాలాసేపటికి పక్కనుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడైంది.

“పెద్దగా నొప్పి లేదమ్మా. చెయ్యెత్తితే కొంచెం లాగుతుంది, అంతే,” అంది పిట్ట. “అది ఏమీ చెయ్యని గడ్డేనంట. ఏం కాదంట, డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది.” ఆగింది. ఆమె మోచెయ్యి తల్లి మోచేతికి ఆనుకుంది. “కానీ చాలా భయమేసిందమ్మా. ఒక్కదాన్నే అంత భయం పడలేకపోయాను.”